శ్రీశైలం నీరు: దాని దారి, దాని మూల్యం, మన బాధ్యత

మన పిల్లలు ప్రపంచ పటంలో నైలు నదిని, ఫురాత్ నదిని ఇట్టే గుర్తుపడతారు. సంతోషమే. కానీ మన ఊరి కాలువలోకి వచ్చే నీరు ఎక్కడ పుట్టింది, ఏ దారిన వచ్చింది, దాని కోసం ఎవరు ఏం పోగొట్టుకున్నారు అని అడిగితే పెద్దలమైన మనమే తడబడతాం. తాను నివసించే నేలను ఎరగనివాడు ఆ నేలపై తన బాధ్యతను ఎలా ఎరుగుతాడు? అందుకే ఈ నెల పాఠంగా శ్రీశైలం నీటిని తీసుకుందాం.

నేల స్వరూపం

కృష్ణానది పడమటి కనుమల్లో మహాబలేశ్వరం దగ్గర పుడుతుంది. సుమారు 1,400 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలో కలుస్తుంది. కర్నూలు నగరాన్ని ఒరుసుకుంటూ వచ్చే తుంగభద్ర సంగమేశ్వరం దగ్గర దీనిలో చేరుతుంది. అక్కడి నుంచి కృష్ణ నల్లమల కొండలను కోసుకుంటూ లోతైన లోయలో దిగిపోతుంది. ఆ లోయ అంచునే శ్రీశైలం ఉంది.

నల్లమల కొండలు కృష్ణకూ పెన్నాకూ మధ్య ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. వాటికి పడమట ఎర్రమల కొండలు. ఈ రెండు వరుసల నడుమ కుందూ నది పారే లోయ. నంద్యాల, కోయిలకుంట్ల ప్రాంతాల నల్లరేగడి పొలాలు ఈ లోయలోవే. కుందూ చివరికి కడప జిల్లాలో పెన్నాలో కలుస్తుంది.

ఇంత మంచి నేల ఉండీ సీమకు కరవు ఎందుకు? దీనికి రెండు కారణాలున్నాయి.

మొదటిది: వాన తక్కువ. నైరుతి రుతుపవనాల తేమను పడమటి కనుమలే చాలావరకు పిండేస్తాయి. ఈశాన్య రుతుపవనాల వాన కోస్తాలో కురిసినంతగా ఇక్కడికి చేరదు. ఏడాదికి సగటున కర్నూలులో 670 మిల్లీమీటర్ల దరిదాపు, అనంతపురంలో 550 మిల్లీమీటర్ల దరిదాపు మాత్రమే కురుస్తుంది.

రెండవది: నది పల్లంలో ఉంది, పొలం మెరకలో ఉంది. కృష్ణ మన పక్క నుంచే పారినా, లోయలోని నీరు దానంతట అదే గట్టెక్కి పొలానికి రాదు. ఈ రెండవ కారణాన్ని బాగా గుర్తుంచుకోండి. శ్రీశైలం కథ అంతా ‘ఎత్తు’ అనే ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

చరిత్ర చెప్పే సాక్ష్యం

1800లో నిజాం ఈ ప్రాంతంలోని జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేశాడు. అప్పటి నుంచి వీటికి దత్త మండలాలనే పేరు వచ్చింది. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబుల చేతిలోనే ఉంది. ఆ ఏడాది కంపెనీ సేనలు చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పదవి నుంచి తొలగించి తిరుచిరాపల్లికి పంపాయి. ‘రాయలసీమ’ అనే పేరు 1928లో నంద్యాలలో జరిగిన సభలో స్థిరపడింది.

1876-78 నాటి మహా కరవు ఈ జిల్లాలను పీడించింది. దానికి ముందే, 1860వ దశకంలో, ఒక ప్రైవేటు కంపెనీ తుంగభద్రపై సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి కర్నూలు-కడప కాలువను తవ్వించింది. సుమారు 300 కిలోమీటర్ల ఈ కాలువను సాగుతోపాటు పడవల రాకపోకలకు కూడా ఉద్దేశించారు. కంపెనీకి లాభం రాలేదు. 1882లో ప్రభుత్వమే దానిని కొనుక్కుంది. నేటికీ మన కె.సి. కాలువ అదే.

1937 నవంబరు 16న మద్రాసులో కోస్తా, సీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది. కృష్ణ, తుంగభద్ర, పెన్నా జలాల్లో సీమ అవసరాలకు మొదటి ప్రాధాన్యం ఇవ్వాలన్నది అందులో ఒక ముఖ్యమైన షరతు. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, 1956 దాకా ఉంది. నీటి సంగతి మాత్రం అంత త్వరగా తేలలేదు.

ఆనకట్ట ఏం చేసింది?

1963 జూలై 24న నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. మొదట దీనిని జలవిద్యుత్తు కోసమే తలపెట్టారు. రెండు కొండల నడుమ 512 మీటర్ల పొడవున గోడ లేచింది. దానికి 12 గేట్లు. 1982లో విద్యుదుత్పత్తి మొదలైంది.

గోడ లేవడంతో లోయలోని నీరు పైకి లేచింది. జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. నీరు ఆ ఎత్తుకు చేరితే, జలాశయం పై భాగాన ఉన్న పోతిరెడ్డిపాడు తూముల గుండా మోటార్లు లేకుండానే కాలువలోకి జారుతుంది. అక్కడి నుంచి బనకచర్లకు వెళ్లి వేర్వేరు కాలువలుగా చీలుతుంది. ఒక పాయ వెలుగోడు మీదుగా కడప జిల్లాను దాటుతుంది. ఆ నీరే సోమశిల, కండలేరు జలాశయాలను చేరి, తమిళనాడులోని పూండి దాకా పోతుంది. చెన్నై నగర ప్రజల దాహం తీర్చడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల చొప్పున ఏటా 15 టీఎంసీలు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. ఆ నీరు 1996లో తొలిసారి చెన్నైకి చేరింది. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు.

మూల్యం ఎవరు చెల్లించారు?

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. పైకి లేచిన నీరు ఖాళీ స్థలంలో నిలవలేదు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు దాని కింద మునిగాయి. లక్షకు పైగా ప్రజలు ఇల్లూ వాకిలీ వదిలిపోయారు. కదలని వారి ఇళ్లను 1981లో కూల్చివేసి ఖాళీ చేయించారు. పొలాలు, బావులు, గుడులు, మసీదులు, తాతముత్తాతల సమాధులు నీటి పాలయ్యాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాళ్లు విప్పి అలంపురానికి తరలించి తిరిగి కట్టారు. తుంగభద్ర సంగమం దగ్గరి సంగమేశ్వరాలయం నేటికీ నీరు తగ్గినప్పుడే బయటపడుతుంది. రాతి గుడిని విప్పి తిరిగి కట్టవచ్చు. ఊరిని అలా విప్పి కట్టగలమా?

నిర్వాసిత కుటుంబానికి ఒక ఉద్యోగం ఇవ్వాలని 1986లో ప్రభుత్వం జీవో 98 జారీ చేసింది. దాని అమలు కోసం ఎన్నో కుటుంబాలు దశాబ్దాల పాటు ఎదురుచూశాయి. ‘హక్కు’ అనే మన తెలుగు మాట అరబీ ‘హఖ్’ నుంచి వచ్చిందే. హఖ్ అంటే సత్యం, ఒకరికి తప్పక చెల్లించవలసినది. ఈ నీటిలో మునిగిన ఊళ్ల ప్రజల హక్కు ఉన్నదని మరువరాదు.

తూము, టర్బైను, పూడిక

ఇక ‘ఎత్తు’ సంగతికి తిరిగి వద్దాం. నీటిమట్టం 854 అడుగుల కంటే తగ్గితే పోతిరెడ్డిపాడు నుంచి కాలువలకు తగినంత నీరు రాదు. కానీ విద్యుత్తు కోసం అంతకంటే కిందికి కూడా నీటిని వాడుకోవచ్చు. అందువల్లనే కనీస మట్టంపై ఇంత వాదన. 1996లో ప్రభుత్వం దానిని 834 అడుగులుగా నిర్ణయించింది. 2004లో 854కు పెంచింది. 2014లో రాష్ట్ర విభజన తరువాత కుడిగట్టు విద్యుత్ కేంద్రం ఆంధ్రప్రదేశ్‌కు, ఎడమగట్టు కేంద్రం తెలంగాణకు దక్కాయి. వాదన రెండు రాష్ట్రాల మధ్యకు చేరింది. ఇరవై అడుగుల తేడా కాగితంపై చిన్నదే. పంట చివరి తడి కోసం చూసే రైతుకు అదే బతుకు.

మరో ప్రమాదం కంటికి కనిపించదు. అది పూడిక. కట్టినప్పుడు జలాశయంలో 308 టీఎంసీలు పట్టేవి. తరువాతి సర్వేలో అది సుమారు 216 టీఎంసీలకు తగ్గిందని తేలింది. అంటే 92 టీఎంసీల చోటును మట్టి ఆక్రమించింది. చెన్నైకి ఆరేళ్లపాటు ఇవ్వవలసిన నీటికి సరిపడే చోటు అది! ఎగువన చెట్లు పోయి, దున్నిన నేల కోతకు గురైతే ఆ మట్టి వచ్చి చేరేది ఇక్కడికే.

నీరు అతిగా వచ్చినా ఆపదే. 2009 అక్టోబరు మొదటి వారంలో జలాశయం పూర్తి మట్టాన్ని పది అడుగులకు పైగా మించింది. అదే వరదలో కర్నూలు నగరం మునిగింది.

మనం గ్రహించవలసినది

ఈ నీరు మనకు ఊరికే రాలేదు. ఒకరి ఊరు మునిగి మన పొలం తడిసింది. కనుక ఇది మన చేతిలోని అమానత్. అమానత్‌ను వృథా చేసే అధికారం ఎవరికీ లేదు. దైవప్రవక్త (స) ఒక ముద్, అంటే సుమారు దోసెడు నీటితో వుజూ చేసేవారని హదీసులు తెలుపుతున్నాయి. మరి మన ఇళ్లలో, మన మసీదుల్లో కుళాయి విప్పి ఎంత వదిలేస్తున్నాం? కాలువ చివరి రైతు వాటాను మొదట్లోనే మళ్లించుకోవడం ఏ న్యాయం?

ఈ నెల ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబులు వెతకండి:

1. మన ఇంటికి వచ్చే నీరు ఏ నదిది? ఏ చెరువు, ఏ కాలువ మీదుగా వస్తుంది?
2. కృష్ణ పక్కనే పారుతున్నా సీమ పొలాలకు నీరు ఎందుకు ఎక్కలేదు?
3. 854 అడుగుల మట్టం ఎవరికి, ఎందుకు ముఖ్యం?
4. మన ఊళ్లో స్థిరపడిన ముంపు గ్రామాల కుటుంబాలు ఉన్నాయా? ఉంటే వెళ్లి వారి ఊరి సంగతులు అడిగి రాసుకోండి. ఆ ఊళ్లను చూసిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. నీటి అడుగున ఉన్న ఊరు వారి జ్ఞాపకంలో మాత్రమే మిగిలి ఉంది.