హాజరు పట్టీ నుండి అరబ్బీ డిగ్రీ దాకా



సాయంత్రం వార్డెన్ గారు చేతికి తీసుకునే పుస్తకం హాజరు పట్టీ. అందులోని 'హాజరు' అరబ్బీ మాట అని ఈ హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ మాకు తెలియదు. జవాబు, వసూలు, రద్దు, హక్కు, తారీఖు కూడా అక్కడి నుండి వచ్చినవే. ఇంటర్ తరువాత బి.ఎ.లో అరబ్బీ తీసుకున్నాకే తెలిసింది.

"అది ముస్లింల భాష కదా, మీకెందుకు?" అని ఊళ్ళో చాలామంది అడిగారు. ఈజిప్టు, లెబనాన్ క్రైస్తవులు ఇంట్లో మాట్లాడేదీ ఆ భాషే. 1973 నుండి ఐక్యరాజ్యసమితి అధికార భాషల్లో అదీ ఒకటి. హైదరాబాదులో ఇఫ్లూ (పూర్వపు సీఫెల్), ఉస్మానియా, ఢిల్లీలో జె.ఎన్.యు. ఈ చదువు చెబుతున్నాయి.

మొదట అక్షరాలు. మొత్తం 28. కుడి నుండి ఎడమకు రాయాలి. మాట మొదట్లో, మధ్యలో, చివర ఒకే అక్షరం రూపు మారుతుంది. ఇదంతా కొన్ని వారాల్లో వచ్చేస్తుంది. అసలు చిక్కు వేరే ఉంది. మన గుణింతంలో కొమ్ము, గుడి లేకుండా 'కు', 'కి' రాయలేము. అరబ్బీలో హ్రస్వాచ్చులను మామూలుగా రాయరు. క-త-బ అని మూడక్షరాలు కనబడితే 'కతబ' (రాశాడు) కావచ్చు, 'కుతిబ' (రాయబడింది) కావచ్చు, 'కుతుబ్' (పుస్తకాలు) కావచ్చు. వాక్యం అర్థమైతేనే పైకి చదవగలం. మాకు మొదటి సెమిస్టరంతా ఇదే గండం. ఉర్దూ వచ్చిన మిత్రులు లిపిలో మాకంటే ముందుండేవారు. వ్యాకరణం మొదలయ్యాక వారికీ మాకూ ఒకటే తిప్పలు.

రెండో మెట్టు ధాతువులు. ఇక్కడే మాకు ఈ చదువు మీద ఇష్టం కలిగింది. చాలా మాటలు మూడు హల్లుల నుండి పుడతాయి. హ-ద-ర తీసుకోండి. 'హాదిర్' అంటే వచ్చి ఉన్నవాడు. ఉర్దూ మీదుగా మన దగ్గరికి వచ్చేసరికి 'ద' కాస్తా 'జ' అయి హాజరు అయింది. 'హుదూర్' అంటే సన్నిధి, అదే మన హుజూర్. హుజూరాబాద్, హుజూర్‌నగర్ పేర్లలో ఉన్నది ఆ మాటే. 'ముహాదర' అంటే యూనివర్సిటీలో లెక్చరు. 'హదార' అంటే నాగరికత. నిఘంటువులోనూ మాటలు ధాతువు వరుసలోనే ఉంటాయి. ముహాదరను 'మ' కింద వెతికితే దొరకదు, 'హ' కింద చూడాలి. ఇది తెలియక ఒక్క మాటకు అరగంట పోగొట్టిన రోజులున్నాయి.

చివరి ఏడాది పత్రికలు, పాత గద్యం, అనువాదం. పుస్తకాల భాష వేరు, వీధి భాష వేరు అని కూడా అప్పుడే బాగా తెలిసింది. ఏం కావాలి అనడానికి మేము నేర్చుకున్నది 'మాదా తురీద్'. గల్ఫ్‌లో చాలాచోట్ల 'ఏష్ తబీ' అంటారు. రేడియో వార్తలు అర్థమవుతాయి గానీ అంగట్లో బేరం అర్థం కాదు. డిగ్రీతోనే అన్నీ వస్తాయని మేము చెప్పము.

మొదటి ఏడాది సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు సౌదీ నుండి వచ్చిన బాబాయి తన ఒప్పంద పత్రం చూపించాడు. అక్షరాలు చదివాము, అర్థం చెప్పలేకపోయాము. అందరూ నవ్వారు. మూడో ఏడాది మళ్ళీ చూశాము. 'అర్రాతిబుల్ అసాసీ' అని ఉంది. అంటే మూల వేతనం. తిండి ఖర్చు కింద ఇంకో అంకె. ఏజెంటు జీతమని చెప్పింది ఆ రెండూ కలిపిన మొత్తం. సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఒప్పందం రెండు భాషల్లో ఉండి తేడా వస్తే అరబ్బీ పాఠమే చెల్లుతుంది. బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "వెనకవైపు తెలుగులో రాసివ్వండిరా" అన్నాడు.

ఇప్పుడు సెలవులకు వెళ్తే నిఘంటువు తప్పకుండా తీసుకెళ్తున్నాము. మా మొదటి ఏడాది నోట్సు హాస్టల్ లైబ్రరీలో ఇచ్చాము. అక్షరాలు దిద్దిన పేజీలు ముందే ఉన్నాయి, చూడండి.