ఉపరితల గనుల భూములను తిరిగి సాగులోకి తేవడం – పైమన్ను ప్రాధాన్యం

ప్రాణహిత–గోదావరి లోయలో బొగ్గు తవ్వకానికి శతాబ్దానికి మించిన చరిత్ర ఉన్నది. తొలినాళ్లలో భూగర్భ గనులే ప్రధానం కాగా, ఇటీవలి దశాబ్దాలలో ఉత్పత్తిలో అధిక భాగం ఉపరితల గనుల నుండే లభిస్తున్నది. భూగర్భ గని పైన నేల చాలావరకు యథాతథంగా నిలిచి ఉంటుంది. ఉపరితల గనిలో అన్నింటికన్నా ముందు తొలగించేది ఆ నేలనే. మంచిర్యాల, పెద్దపల్లి, జయశంకర్ భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలలో ఒకప్పుడు పత్తి, వరి పండిన నేలలు కొన్ని నేడు గోతులుగా, మట్టి గుట్టలుగా కనిపిస్తాయి. ఈ గుట్టలను స్థానికులు ఓబీ గుట్టలని వ్యవహరిస్తారు.

తవ్వకం ముగిసిన తరువాత ఈ భూములలో సాధారణంగా చేపట్టే కార్యక్రమం మొక్కల పెంపకం. కోతను అరికట్టడానికి, దుమ్మును తగ్గించడానికి అది అవసరమే. అయితే పచ్చబడిన నేల అంతా పంట నేల కాజాలదు. గట్టి మొక్కలు రాళ్ల మధ్య కూడా బ్రతుకుతాయి. ఏటా ధాన్యమో పప్పులో ఇచ్చే నేలకు మాత్రం లోతు, నీటిని పట్టి ఉంచే శక్తి, జీవం కావాలి. ఈ గుణాలు తిరిగి వచ్చేదీ రానిదీ చాలావరకు గని ప్రారంభంలో పైమన్నును తీసిన విధానంపై ఆధారపడి ఉంటుంది.

గని మట్టి స్వభావం

గోదావరి లోయలో బొగ్గు పొరలపై ఉండేవి ప్రధానంగా గోండ్వానా శ్రేణికి చెందిన ఇసుకరాళ్లు, షేలు, బంకమట్టి పొరలు. లోతు నుండి వెలికివచ్చిన ఈ పదార్థంలో రాళ్ల శాతం ఎక్కువ, లభ్య నత్రజని, భాస్వరం తక్కువ, సూక్ష్మజీవులు అత్యల్పం. వర్షపు నీరు రాళ్ల సందులలో నుండి వేగంగా దిగిపోవడమో, యంత్రాల కింద నలిగిన పైభాగంపై నిలిచిపోవడమో జరుగుతుంది. ఈశాన్య రాష్ట్రాల బొగ్గుతో పోల్చితే గోండ్వానా బొగ్గులో గంధకం తక్కువ కనుక తీవ్ర ఆమ్లత్వ సమస్య సాధారణంగా ఇక్కడ కనిపించదు. అయినప్పటికీ నల్లని షేలు ఉన్నచోట ఉదజని సూచికను తప్పక పరీక్షించాలి.

ఈ నేలల భూసార పరీక్షలో ఒక పొరపాటుకు అవకాశం ఉన్నది. మట్టిలో కలిసిన బొగ్గు రేణువులు సాధారణ ప్రయోగశాల పద్ధతిలో కొంతవరకు సేంద్రియ కర్బనంగా లెక్కకు వస్తాయి. ఫలితం మధ్యస్థం లేదా అధికం అని నమోదు కావచ్చు. కాని బొగ్గులోని కర్బనం పశువుల ఎరువులోని కర్బనం వలె కుళ్లి నత్రజనిని విడుదల చేయదు. ఆ అంకెను నమ్మి నత్రజని మోతాదు తగ్గించిన రైతు పంటను నష్టపోతాడు. కనుక సేంద్రియ కర్బనంతో పాటు లభ్య నత్రజనిని, సూక్ష్మజీవుల చర్యను తెలిపే డీహైడ్రోజినేజ్ ఎంజైమును కూడా పరీక్షించి నిర్ణయానికి రావాలి.

పైమన్ను సంరక్షణ

ఒక హెక్టారులో 30 సెంటీమీటర్ల పైమన్ను అంటే 3,000 ఘనపు మీటర్లు. బరువులో దాదాపు 4,000 టన్నులు. ఏర్పడడానికి శతాబ్దాలు పట్టిన ఈ పదార్థాన్ని బయట నుండి కొని తెచ్చి నింపడం ఆచరణ సాధ్యం కాదు. కాబట్టి ఉన్నదానిని కాపాడుకోవడమే మార్గం.

• పైమన్నును, అడుగు మన్నును వేర్వేరుగా తీసి వేర్వేరుగా నిల్వ చేయాలి. రెండూ కలిస్తే పైమన్ను విలువ పోతుంది.
• తడి ఉన్నప్పుడు మట్టిని తీయరాదు. నేల కట్టు చెదురుతుంది.
• కుప్ప ఎత్తు 2–3 మీటర్లకు మించకపోవడం మేలు. ఎత్తైన కుప్ప లోపల గాలి ఆడక, మేలు చేసే శిలీంధ్రాలు, బాక్టీరియా నశిస్తాయి.
• కుప్పలపై జనుము, పిల్లిపెసర వంటి పప్పుజాతి పైర్లను గాని గడ్డిని గాని పెంచాలి.
• వీలైనచోట కుప్ప వేయకుండా, ఒకవైపు తీసిన మన్నును మరొకవైపు సిద్ధమైన నేలపై వెంటనే పరచడం అన్నింటికన్నా ఉత్తమం.

నేల పునర్నిర్మాణం

నింపిన గోతిపై మొదట అడుగు మన్నును, దానిపై పైమన్నును పరచాలి. ఈ దశలో జరిగే ప్రధాన నష్టం భారీ యంత్రాల వలన నేల గట్టిపడడం. పైకి చదునుగా, నున్నగా కనిపించే మడిలో వేర్లు ఒక అడుగు లోతుకు కూడా దిగలేకపోవచ్చు. యంత్రాల రాకపోకలను వీలైనంత తగ్గించి, నేల పొడిగా ఉన్నప్పుడు సబ్‌సాయిలర్‌తో లోతుగా చీల్చాలి. నింపిన నేల కొన్ని సంవత్సరాల పాటు అక్కడక్కడ కుంగుతూ ఉంటుంది. అందువలన తొలి ఏళ్లలో శాశ్వత కట్టడాలు, పైపులైన్లు చేపట్టక, పల్లాలను మధ్యమధ్య సరిచేస్తూ ఉండాలి.

ఇతర దేశాల అనుభవం

ఈ సూత్రాలు పెద్ద విస్తీర్ణంలో అమలైన ప్రాంతం జర్మనీలోని రైన్‌లాండ్. కొలోన్, ఆఖెన్ నగరాల మధ్యనున్న లిగ్నైట్ గనుల పైభాగాన సారవంతమైన లోయెస్ మన్ను ఉన్నది. దానిని విడిగా తీసి, నింపిన నేలపై సుమారు 2 మీటర్ల మందాన పరుస్తారు. తొలి మూడేళ్లు లూసర్న్ పెంచి, తరువాత ధాన్యపు పంటలు వేసి, దాదాపు ఏడేళ్లకు రైతులకు అప్పగిస్తారు. అమెరికాలో 1977 నాటి ఉపరితల గనుల చట్టం ప్రకారం శ్రేష్ఠమైన సాగుభూమిలో నేల పొరలను వేరుచేసి తీయాలి. తిరిగి పరచిన నేలలో మూడు పంట సంవత్సరాల దిగుబడిని పరిసరాలలోని తవ్వని భూమి దిగుబడితో పోల్చి చూపాలి. అక్కడ విజయానికి కొలమానం మొక్కల సంఖ్య కాదు, దిగుబడి.

మన దేశంలో బొగ్గు గనులకు మూసివేత ప్రణాళిక మార్గదర్శకాలు 2009లో వెలువడినవి. ఆ ప్రణాళికలలో సాగుకు ఉద్దేశించిన విస్తీర్ణానికి దిగుబడి కొలమానాన్ని చేర్చినట్లయితే పైమన్నుపై శ్రద్ధ దానంతట అదే పెరుగుతుంది.

పంటల క్రమం

తొలి మూడు సంవత్సరాలు నేలను పోషించే పైర్లకే కేటాయించాలి. తొలకరిలో జీలుగ లేదా జనుము వేసి పూత దశలో కలియదున్నాలి. మరొక భాగంలో స్టైలో వంటి పశుగ్రాస పప్పుజాతిని పెంచవచ్చు. విత్తనానికి తగిన రైజోబియం పట్టించాలి. హెక్టారుకు కనీసం 10 టన్నుల పశువుల ఎరువుతో పాటు భాస్వరం ఎరువును వేయాలి. నాలుగవ సంవత్సరం నుండి జొన్న, కంది, ఉలవ వంటి మెట్ట పంటలను ప్రయత్నించవచ్చు. ఆహార పంటలకు ముందు నేలలోను, సాగునీటిలోను భార లోహాల పరీక్ష తప్పనిసరి.

ఏటవాలు గుట్టలు, పైమన్ను మిగలని రాతి నేలలు సాగుకు తగవు. వాటిని వృక్షాలకు, గడ్డికి విడిచిపెట్టడమే శాస్త్రీయం. సాగుకు పనికిరాని నేలను సాగుభూమిగా చూపితే, ఆ నష్టం చివరకు దానిని దున్నే రైతుపైనే పడుతుంది.

బొగ్గు కొన్ని దశాబ్దాలలో తరిగిపోతుంది. నేల తరతరాలకు అన్నం పెట్టవలసి ఉంటుంది. కావున ప్రతి కొత్త ఉపరితల గనిలో తొలి యంత్రం దిగకముందే నేల సర్వే జరిపి, పైమన్ను లోతును, పరిమాణాన్ని, నిల్వ స్థలాన్ని నమోదు చేయడం అత్యవసరం. ఈ పనిలో మృత్తికా శాస్త్రవేత్తలు, గని ఇంజినీర్లు, ఆ నేల గుణమెరిగిన గ్రామ రైతులు కలిసి పాల్గొనాలి.