మన సాగరతీరం

ఐరోపా ఖండానికి దక్షిణాన మధ్యధరా సముద్రం ఉంది. చలిదేశాలవారు ఎండ కోసం ఏటా లక్షల సంఖ్యలో ఆ తీరానికి వస్తారు. ఒక ఊళ్లో బస చేసి, రోజుకొక చోటు చూసి, సాయంత్రానికి బసకు చేరుకుంటారు. అటువంటి విహారానికి మనం అంత దూరం వెళ్లనక్కరలేదు. బరంపురంలో ఉదయం బయలుదేరి, చూసి, చీకటి పడేలోగా ఇల్లు చేరగల చోట్లు గంజాం జిల్లాలో ఎన్నో ఉన్నాయి. అయితే తీరాన్ని చూడడమంటే కెరటాలలో కాళ్లు తడుపుకొని రావడం మాత్రమే కాదు. అక్కడ ఎవరు బ్రతుకుతున్నారో, ఏమి జరిగిందో తెలుసుకొని చూడాలి.

ముందుగా గోపాల్‌పూర్ వెళ్దాం. ఇది బరంపురానికి సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఉంది. తెల్లవారుజామున చేరుకుంటే సూర్యోదయం చూడవచ్చు. తీరాన దీపస్తంభం ఉంది. దానితోపాటు పాతకాలపు గిడ్డంగుల శిథిలాలూ ఉన్నాయి. ఈ మొండిగోడలు ఒకప్పటి రేవును గుర్తుచేస్తాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉండేది. ఆ రోజులలో గోపాల్‌పూర్ నుంచి బర్మాకు ఓడలు వెళ్లేవి. రంగూనును మనవాళ్లు 'రంగం' అనేవారు. అక్కడి బియ్యపు మిల్లులలో, ఓడరేవులో కూలిపనికి ఈ ప్రాంతపు తెలుగువారు, ఒడియావారు వేలసంఖ్యలో వెళ్లారు. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను సేనలు బర్మాను ఆక్రమించుకోవడంతో ఆ రాకపోకలు తెగిపోయాయి. ఓడ దొరకనివారు ఎందరో కొండలూ అడవులూ దాటి కాలినడకన స్వదేశం చేరారు. దారిలో ప్రాణాలు విడిచినవారూ ఉన్నారు.

ఈ తీరాన కెరటాల ఉధృతి ఎక్కువ. అందుచేత పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకొనేవి. మనుషులను, సరుకులను ఓడ దగ్గరికి చేర్చడానికి పడవలు ఉండేవి. వాటిని మేకులు కొట్టి చేసేవారు కాదు. పలకలకు రంధ్రాలు చేసి, కొబ్బరిపీచు తాళ్లతో కుట్టేవారు. మేకులతో బిగించిన పడవ కెరటం దెబ్బకు బద్దలవుతుంది. కుట్టిన పడవ కొంచెం వంగి ఆ దెబ్బను తట్టుకుంటుంది. ఏ బడిలోనూ చదవని జాలరులు సముద్రం దగ్గర నేర్చుకొన్న శాస్త్రం ఇది!

ఇప్పుడు కూడా ఒడ్డున వలలు బాగుచేసుకొనే జాలరుల మధ్య నిలబడితే తెలుగు మాటలు వినబడతాయి. ఒడియావారు వీరిని 'నోలియాలు' అంటారు. తరతరాలుగా వీరు ఈ తీరాన్నే నమ్ముకొని ఉన్నారు. మీలో కొందరి ఇళ్లు అక్కడే ఉండవచ్చు. విహారానికి వచ్చినవారికి సముద్రం ఒకపూట వేడుక. వీరికి అదే పొలం, అదే కొలువు.

ఆ సముద్రమే ఒక్కొక్కసారి కోపిస్తుంది. 1999 అక్టోబరు 17న ఒక తుఫాను గంజాంను తాకింది. అదే నెల 29న పారాదీప్ వద్ద పెనుతుఫాను తీరం దాటి, దాదాపు పదివేల మందిని బలిగొన్నది. 2013 అక్టోబరు 12 రాత్రి 'ఫైలిన్' తుఫాను గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలులతో గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఇళ్లు కూలాయి, తోటలు నేలమట్టమయ్యాయి. కాని ముందుగానే హెచ్చరించి, సుమారు పదిలక్షల మందిని సురక్షిత స్థలాలకు తరలించడంవల్ల ప్రాణనష్టం చాలా తగ్గింది. గాలిని ఎవరూ ఆపలేరు. మాట విని వేళకు ఇల్లు కదిలితే ప్రాణం నిలుస్తుంది.

రెండవరోజు ఋషికుల్యా నది వెంట వెళ్దాం. పురుషోత్తంపూర్ సమీపంలో, ఈ నది ఒడ్డున కొండమీద తారాతారిణి ఆలయం ఉంది. చైత్రమాసపు మంగళవారాలలో అక్కడికి భక్తులు తండోపతండాలుగా వస్తారు. ఆ దగ్గరలోనే జౌగడ ఉంది. అక్కడి బండమీద అశోకచక్రవర్తి శాసనాలు ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. కళింగ యుద్ధం క్రీ.పూ. 261 ప్రాంతంలో జరిగింది. ఆ యుద్ధంలో జరిగిన ప్రాణనష్టానికి పశ్చాత్తాపపడుతూ అశోకుడు రాయించిన శాసనం ఇతర చోట్ల ఉంది గాని, జౌగడలో లేదు. దానికి బదులు, ప్రజలను బిడ్డలవలె చూసుకోవాలని అధికారులకు చేసిన హితబోధ ఉంది. ఓడినవారి కళ్లెదుట ఆ గాయాన్ని మళ్లీ రేపడం ఇష్టంలేకనే అలా చేశాడని కొందరు పండితుల అభిప్రాయం.

ఋషికుల్య గంజాం పట్టణం దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఈ నదీముఖం ప్రపంచమంతటా పేరుపొందడానికి కారణం ఆలివ్ రిడ్లే తాబేళ్లు. ఇవి ఇక్కడ సామూహికంగా గుడ్లు పెడతాయని శాస్త్రజ్ఞులు 1994లో గుర్తించారు. ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆడతాబేళ్లు గుంపులు గుంపులుగా ఇసుకమీదికి వస్తాయి. వెనుకకాళ్లతో గొయ్యి తవ్వి, నూరుకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి మరల సముద్రంలోకి వెళ్లిపోతాయి. 2025లో ఆరు లక్షలకు పైగా తాబేళ్లు వచ్చాయి. కొన్ని సంవత్సరాలలో ఇలా గుంపులుగా రావు. ఇసుక వేడికి సుమారు ఏడు వారాలలో గుడ్లు పొదుగుతాయి. పిల్లలు రాత్రివేళ బయటికి వచ్చి, సముద్రంమీద కనిపించే వెలుగును చూసి అటువైపు పాకుతాయి. ఒడ్డున దీపాలు వెలుగుతుంటే అదే సముద్రమనుకొని దారితప్పి చనిపోతాయి.

వీటిని కాపాడడానికి నవంబరు 1 నుంచి మే 31 వరకు నదీముఖం దగ్గర, తీరంనుంచి 20 కిలోమీటర్ల లోపున చేపలవేట నిషేధించారు. ఏడు నెలలపాటు ఆ నీళ్లలో వల వేయలేక నష్టపోయేది ఎవరు? మన జాలరులే. అయినప్పటికీ ఆ ఊళ్ల యువకులు రాత్రులు కాపలా కాసి, దారితప్పిన తాబేటి పిల్లలను బుట్టలలో తీసుకొనిపోయి సముద్రంలో విడుస్తారు. ఇక్కడి పొడంపేట గ్రామాన్ని సముద్రం కోసివేయగా, ఇళ్లు విడిచి వేరొకచోటికి తరలిన కుటుంబాలూ ఉన్నాయి. తాము నష్టపోతూ మరొక ప్రాణిని కాపాడడం ఎంత గొప్ప గుణం!

మధ్యధరా తీరంలో కూడా ఇటువంటి సమస్య వచ్చింది. గ్రీసులోని జాకింతోస్ ద్వీపంలో వేరొక జాతి తాబేళ్లు గుడ్లు పెడతాయి. విహారయాత్రికుల రద్దీ పెరిగి వాటికి చోటు కరువయింది. 1999లో ఆ తీరాన్ని జాతీయ సముద్ర ఉద్యానవనంగా ఏర్పాటు చేశారు.

మూడవరోజు రంభకు వెళ్దాం. ఛత్రపురం, గంజాం, ఉప్పుమళ్లకు పేరుపొందిన హుమ్మా దాటితే చిలికా సరస్సు కనిపిస్తుంది. నదుల మంచినీరు, సముద్రపు ఉప్పునీరు కలిసే సరస్సు ఇది. శీతాకాలంలో దూరదేశాలనుంచి లక్షలాది పక్షులు ఇక్కడికి వలసవస్తాయి. రంభ నుంచి పడవమీద దీవులు చూసి రావచ్చు. ఒకప్పుడు సముద్రంతో కలిసే దారి పూడిపోయి నీటిలో ఉప్పు తగ్గింది, నాచు పెరిగింది, చేపలు తరిగిపోయాయి. 2000వ సంవత్సరంలో కొత్తగా ముఖద్వారం తవ్విన తరువాత సరస్సు తేరుకొన్నది. చేపలు పెరిగాయి. చెడిపోయినదానిని కూడా తెలివితో, శ్రమతో బాగుచేసుకోవచ్చునని చిలికా చెబుతున్నది.

పిల్లలారా! ఈ మూడు ప్రయాణాలకు పెద్ద ఖర్చు అవసరం లేదు. చద్దిమూట, మంచినీళ్లు, చూసే మనసు ఉంటే చాలు. తిన్న ఆకులు, కాగితాలు, సంచులు తిరిగి ఇంటికి తీసుకొని రండి. పక్షులను బెదిరించకండి, తాబేళ్ల చోట దీపం వెలిగించకండి. జాలరి తాతను తెలుగులో పలకరించండి. పుస్తకాలలో లేని సంగతులు ఆయన చెబుతాడు. మనం వెళ్లేటప్పుడు తీరం ఎలా ఉన్నదో, వచ్చేటప్పుడు కూడా అలాగే ఉండాలి.

పదాలు – అర్థాలు
ఉధృతి = తీవ్రత
శిథిలాలు = కూలిపోయిన కట్టడాల భాగాలు
నదీముఖం = నది సముద్రంలో కలిసే చోటు
పశ్చాత్తాపం = చేసిన తప్పుకు కలిగే బాధ
సామూహికంగా = గుంపులుగా

ప్రశ్నలు
1. కుట్టిన పడవలు కెరటాలను ఎలా తట్టుకొనేవి?
2. కళింగ యుద్ధం గురించిన శాసనం జౌగడలో ఎందుకు లేదని పండితులు భావిస్తున్నారు?
3. తాబేటి పిల్లలు దారితప్పడానికి కారణమేమి?
4. 'విహారానికి వచ్చినవారికి సముద్రం ఒకపూట వేడుక. వీరికి అదే పొలం, అదే కొలువు.' ఈ మాటలను వివరించండి.
5. చేపలవేట నిషేధంవల్ల నష్టపోయే జాలరులకు మనం ఏవిధంగా తోడ్పడాలి? మీ అభిప్రాయం రాయండి.

భాషాభ్యాసం
(అ) విడదీసి సంధి పేరు రాయండి: సూర్యోదయం, రోజుకొక.
(ఆ) విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి: సాగరతీరం, ప్రాణనష్టం.

చేయవలసిన పని
మీ ఇంటిలోగాని, వీధిలోగాని ఉన్న పెద్దవారిని రంగం ప్రయాణాల గురించి, తుఫానుల గురించి అడిగి తెలుసుకోండి. వారు చెప్పిన సంగతులను పదిహేను వాక్యాలలో రాసి తరగతిలో చదవండి.