312 కుట్ల తాబేలు

ఈ మధ్య కాలేజీలో రెండు బ్యాగులుంటే ఒకదానికైనా ఊలు బొమ్మ వేలాడుతోంది. కప్ప, పిల్లి, తేనెటీగ, స్ట్రాబెర్రీ, ఏదో ఒకటి. అది ఏ మెషీన్ చేసి ఉంటుందని మా క్లాసులో పదిమందిని అడిగాను. ఎనిమిది మంది "చైనా మెషీనే అయ్యుంటుంది" అన్నారు. ఇద్దరు "పని చూసుకో" అన్నారు.

ఏ మెషీనూ కాదు. చైనాలో చేసినా సరే, అది ఒక మనిషి చేతిలోంచి వచ్చిందే. స్వెట్టర్ లాంటి అల్లికకు మెషీన్ ఎప్పుడో వచ్చింది. 1589లో ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన మేజోళ్లు అల్లే యంత్రం తయారు చేశాడు. క్రోషేకి మాత్రం ఫ్యాక్టరీలో పెట్టి నడిపే మెషీన్ ఇప్పటికీ లేదు. కారణం మన సీఎస్ఈ వాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది. నిట్టింగ్‌లో ఒక వరసలోని లూపులన్నీ ఒకేసారి సూది మీద తెరిచి ఉంటాయి. కాబట్టి వంద సూదులు పెట్టి వంద లూపులూ ఒక్క దెబ్బకి లాగేయొచ్చు. పక్కా పారలల్ ప్రాసెసింగ్. క్రోషేలో ఎప్పుడు చూసినా సూది మీద బతికున్న లూప్ ఒక్కటే. ఇప్పటి కుట్టు పూర్తయితే తప్ప తర్వాతి కుట్టు మొదలవదు. పైగా కొక్కెం ప్రతిసారీ అప్పటిదాకా అల్లిన దాంట్లో ఏ రంధ్రంలో దూరాలో వెతుక్కోవాలి. మెత్తగా, వంకరగా, చేతిలో తిరిగిపోతూ ఉండే వస్తువులో రంధ్రం వెతకడం వేళ్లకి వచ్చినంత బాగా రోబోకి ఇంకా రాలేదు.

ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, చివర్లో డబ్బు లెక్క దగ్గర పనికొస్తుంది. ఇప్పుడు పాఠం.

బొమ్మల క్రోషేని జపాన్ వాళ్లు అమిగురుమి అంటారు. 'అమి' అంటే అల్లిక, 'నుయిగురుమి' అంటే లోపల మెత్తగా కూరిన బొమ్మ. రెండూ కలిపిన పేరు అది. కావలసినవి నాలుగే: 2.5 మి.మీ. క్రోషే సూది, సన్న రకం అక్రిలిక్ ఊలు, దిండులో కూరే ఫైబర్, ఒక పిన్నీసు. నేను నెల్లూరు చిన్నబజారులో కొన్నాను. మా బుచ్చిలో (బుచ్చిరెడ్డిపాలెం అని పూర్తిగా పలికే ఓపిక మా ఊళ్లో బస్సు కండక్టర్లకి కూడా లేదు) ఫ్యాన్సీ షాపుల్లో ఊలు దొరుకుతుంది గానీ, సూది ఏ సైజో రాసి ఉండదు. ఫైబర్ బదులు బూరుగు దూది పెట్టకండి, కుట్ల సందుల్లోంచి బయటికొచ్చి బొమ్మకి గడ్డం మొలుస్తుంది.

మా ఇంట్లో క్రోషే కొత్తేమీ కాదు. టీవీ మీద, ఫ్రిజ్ మీద, టీపాయ్ మీద కప్పిన లేసు గుడ్డలన్నీ అమ్మమ్మ అల్లినవే. నేను సూది పట్టుకుంటే మాత్రం, "మొగబిడ్డవి, నీకీ లేసులు ఏందిరా అబ్బయ్యా" అని నవ్వింది. నవ్వుతూనే నా చేతిలో సూది సరిచేసింది. చైన్ వేయడం, సింగిల్ క్రోషే వేయడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. యూట్యూబ్‌లో నేర్చుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. అమెరికా వాళ్లు సింగిల్ క్రోషే అనేదాన్నే బ్రిటన్ వాళ్లు డబుల్ క్రోషే అంటారు. పేరు ఒకటే, పని వేరు. ప్యాటర్న్ ఏ దేశపు పేర్లతో రాశారో చూడకుండా మొదలుపెడితే తాబేలు బదులు జల్లెడ వస్తుంది. ఈ వ్యాసంలో నావి అమెరికా పేర్లు.

సింగిల్ క్రోషే అంటే ఇంతే: సూదిని కింది కుట్టులోకి దూర్చు, దారం తగిలించి బయటికి లాగు. ఇప్పుడు సూది మీద రెండు లూపులుంటాయి. మళ్లీ దారం తగిలించి ఆ రెండింట్లోంచీ ఒకేసారి లాగేయ్. ఒక కుట్టు అయిపోయింది. ఒకే కుట్టులో రెండుసార్లు అల్లితే పెంపు, రెండు కుట్లని కలిపి ఒకటిగా అల్లితే తగ్గింపు. బొమ్మలన్నీ ఈ మూడింటితోనే తయారవుతాయి. మొదలు మాత్రం మ్యాజిక్ రింగ్‌తో పెట్టాలి. దారాన్ని వేలికి ఉంగరంలా చుట్టి, ఆ ఉంగరంలోకి ఆరు కుట్లు వేసి, తోక లాగితే నడిమి రంధ్రం మూసుకుపోతుంది. చదివితే అర్థం కాదు, ఒక వీడియో చూడండి, సిగ్గేం లేదు.

ఇక్కడి నుంచి మజా. వరసకి ఆరేసి కుట్లు పెంచుకుంటూ పోతే, అంటే 6, 12, 18, 24 ఇలా, చదునైన బిళ్ల వస్తుంది. ఆరే ఎందుకు? సింగిల్ క్రోషే కుట్టు ఎత్తు, వెడల్పు దాదాపు సమానం. ఒక వరస అల్లితే వృత్తం వ్యాసార్ధం ఒక కుట్టు పెరుగుతుంది, అప్పుడు చుట్టుకొలత 2π కుట్లు, అంటే ఆరు చిల్లర పెరగాలి. చిల్లర వదిలేస్తే ఆరు. ఎనిమిదో తరగతిలో నేను బట్టీ పట్టిన 2πఆర్ మొదటిసారి చేతికి తగిలింది ఇక్కడే. ఆరు కన్నా తక్కువ పెంచితే బిళ్ల గిన్నెలా వంగుతుంది. అసలు పెంచకపోతే గొట్టం. ఆరు కన్నా బాగా ఎక్కువ పెంచితే అంచు నిలవలేక కుచ్చులు కుచ్చులుగా లేస్తుంది. ఆ కుచ్చుల ఉపరితలానికి గణితంలో హైపర్‌బోలిక్ అని పేరు. కాగితంతో చేసిన నమూనాలు చిరిగిపోతున్నాయని కార్నెల్ యూనివర్సిటీలో డైనా టైమినా అనే లాత్వియా గణితవేత్త 1997లో క్రోషేతో అల్లి పిల్లలకి పాఠం చెప్పింది. మా టీపాయ్ గుడ్డ అంచుల కుచ్చులు కూడా అదే జాతివి. అమ్మమ్మకి చెప్తే, "పేరేదైతే ఏంది, అట్టా అల్లితే అందం" అంది.

ఇప్పుడు తాబేలు. మా నెల్లూరు తీరానికి చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, అందుకే ఆ ఆకుపచ్చ ఎంచుకున్నాను. అల్లిక సుడిలా తిరుగుతూ పోతుంది, కాబట్టి వరస మొదలు ఎక్కడో తెలియడానికి మొదటి కుట్టుకి పిన్నీసు పెట్టుకోండి.

డిప్ప: మ్యాజిక్ రింగ్‌లో 6. రెండో వరస ప్రతి కుట్టులో పెంపు, మొత్తం 12. మూడో వరస ఒకటి మామూలు, ఒకటి పెంపు, ఇలా ఆరుసార్లు, మొత్తం 18. నాలుగో వరస రెండు మామూలు, ఒకటి పెంపు, ఆరుసార్లు, మొత్తం 24. అయిదు, ఆరు వరసలు పెంపు లేకుండా 24, 24. గిన్నె తయారు.

పొట్ట: లేత రంగుతో అదే పద్ధతిలో నాలుగో వరస దాకా, 24 దగ్గర ఆపేయండి. బిళ్ల తయారు.

తల: 6, తర్వాత 12, 12, 12. ఫైబర్ కూరి, ఆఖరి వరస ఆరు తగ్గింపులు, 6. కాళ్లు నాలుగు, ఒక్కోటి మూడు వరసలు, వరసకి 6. కాళ్లలో ఏమీ కూరొద్దు, చప్పిడిగా ఉంటేనే తెడ్డులా కనిపిస్తాయి. తోకకి నాలుగు చైన్లు చాలు. తల, కాళ్లు, తోక అన్నింటికీ జానెడు దారం వదిలి కత్తిరించండి, కుట్టడానికి కావాలి.

గిన్నె కింద బిళ్ల పెట్టి, రెండు అంచుల్లోంచీ సూది దూర్చి చుట్టూ 24 సింగిల్ క్రోషేలు. ఆరు కుట్లు మిగిలుండగా ఆగి ఫైబర్ కూరి, తర్వాత మూసేయండి. మిగతావి కుట్టేసుకోండి. బొమ్మ చిన్న పిల్లలకి ఇచ్చేదైతే పూస కళ్లు పెట్టకండి, ఊడితే నేరుగా నోట్లోకే పోతాయి. నల్ల దారంతో రెండు ముడులు కుడితే చాలు.

ప్రతి వరసకీ నేను "మొత్తం" చెప్పడం గమనించారా? అది చెక్‌సమ్. పద్దెనిమిది రావాల్సిన చోట పదిహేడు వస్తే ఆ వరస ఒక్కటే విప్పుకోవచ్చు. లెక్క పెట్టకుండా ముందుకు పోతే ఆ ఒక్క కుట్టు ఎక్కడ జారిందో వెతకడం, సెమికోలన్ వెతకడం కన్నా కష్టం.

కూడితే, డిప్ప 108, పొట్ట 60, అతుకు 24, తల 48, కాళ్లు 72. మొత్తం 312 కుట్లు. ఒక్కో కుట్టుకి దారం రెండుసార్లు లాగాలి, అంటే 624 లాగుళ్లు. ఇప్పుడు నాకు అల్లడానికి, కుట్టడానికి కలిపి రెండు గంటలు పడుతుంది.

హాస్టల్లో ఒక ఫ్రెండ్ నా తాబేలు చూసి ఇరవై కావాలన్నాడు, వాళ్ల అక్క పెళ్లిలో రిటర్న్ గిఫ్టులకి. సంతోషమే. "ఒక్కోటి యాభైకి ఇచ్చెయ్ రా, ఎలాగూ ఖాళీ టైములోనేగా చేసేది" అన్నాడు. చెడ్డవాడేం కాదు, నిజంగానే అలా అనుకున్నాడు. ఈ 'ఖాళీ టైము' అనే మాట వెనక మన రాష్ట్రంలోనే చాలా పెద్ద కథ ఉంది.

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం, దాని చుట్టుపక్కల ఊళ్లు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడి పేద ఆడవాళ్లకి లేసు అల్లిక నేర్పారు. దాదాపు అదే కాలంలో, 1845లో మొదలైన కరువులో ఐర్లండు ఆడవాళ్లు కూడా క్రోషే లేసు అమ్ముకుని పొట్ట పోసుకున్నారు. నరసాపురం లేసు ఓడలెక్కి విదేశాలకి పోయింది, ఇప్పటికీ పోతోంది. 2024లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త అక్కడికి వచ్చి, ఆ ఆడవాళ్లతో మాట్లాడి, 1982లో ఒక పుస్తకం తెచ్చింది, 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్'. అందులో నన్ను పట్టుకున్నది పని పంపకం. ఒకరు పూలు మాత్రమే అల్లుతారు, అది చేతిపని. ఇంకొకరు వాటిని కలుపుతారు, అది అతుకుపని. దారం ఇచ్చేదీ, సరుకు తీసుకెళ్లేదీ ఏజెంటు. అల్లేవాళ్లు ఆడవాళ్లు, అమ్మేవాళ్లు ఎక్కువగా మగవాళ్లు. ఎవరికి వాళ్లు ఇంట్లో కూర్చుని చేస్తారు కాబట్టి, పక్కింటావిడకి ఎంత ఇస్తున్నారో, గుడ్డ చివరికి ఎంతకి అమ్ముడుపోతోందో వాళ్లకి తెలిసే దారి లేదు. ఇంటి పనంతా చేసుకుని రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లేవాళ్లు, వచ్చేది పొలం కూలి కన్నా తక్కువ. అయినా లెక్కల్లో వాళ్లు కార్మికులు కారు, గృహిణులు. పనికి బయటికెళ్లడం పరువు తక్కువ అనుకునే ఇళ్లలో ఆ ఆడవాళ్లు కూడా తమది కాలక్షేపం అనే చెప్పుకునేవాళ్లు. ఎనిమిది గంటల కాలక్షేపం! మన ల్యాబ్ రోజు కూడా అంత పొడుగుండదు.

ఇది చదివాక అమ్మమ్మని అడిగాను, టీపాయ్ గుడ్డకి ఎంతసేపు పట్టిందని. "ఎవురు లెక్కపెట్టినారు" అంది.

అందుకని నేను లెక్కపెట్టాను. నేను కొన్న ఊలు ఉండ వంద గ్రాములు 120 రూపాయలు. తాబేలుకి పదిహేను గ్రాములు, అంటే 18. ఫైబర్, కీ రింగ్ కలిపి 10. మొత్తం 28. యాభైకి ఇస్తే మిగిలేది 22, రెండు గంటల పనికి. గంటకి పదకొండు రూపాయలు. మా క్యాంటీన్లో టీ కన్నా ఒక్క రూపాయి ఎక్కువ. ఇరవై తాబేళ్లంటే నలభై గంటలు, అంటే ఒక ఉద్యోగికి వారం పని. నా ఫ్రెండ్‌కి ఈ లెక్క కాగితం మీద రాసి చూపించాను. గంటకి యాభై వేసుకుంటే ఒక్కోటి 128 అవుతుంది, 130కి ఇస్తానన్నాను. కాసేపు ఆలోచించి, ఇరవై బదులు ఆరు చెప్పాడు, దగ్గరి వాళ్లకి మాత్రం ఇస్తాడట. మిగతావాళ్లకి స్టీలు గిన్నెలు.

ఊరికే ఇవ్వొద్దని కాదు నేను చెప్పేది. ఇష్టమైనవాళ్లకి రెండు గంటలు ఊరికే ఇస్తాను, అది నా ఇష్టం. అమ్మేటప్పుడు మాత్రం గంట గంటే. హాస్టల్ ధర, ఫ్రెండ్ ధర అని తగ్గించుకుంటూ పోతే, అల్లికతోనే ఇల్లు నడిపే ఆవిడ ధర కూడా నాతో పాటు పడిపోతుంది. నాకు నాన్న ఫీజు కడుతున్నాడు, ఆవిడకి ఎవరు కడతారు?

రేపే పుట్టినరోజు, తాబేలుకి టైము లేదనేవాళ్లకి బుక్‌మార్క్ ఉంది. నలభై చైన్లు వేసి, తిరిగి వస్తూ ప్రతి చైన్‌లో మూడేసి సింగిల్ క్రోషేలు వేయండి. చోటు చాలక అల్లిక దానంతటదే స్ప్రింగులా మెలి తిరుగుతుంది, పైన చెప్పిన కుచ్చుల లెక్కే. చివర చిన్న కుచ్చు కట్టండి. 120 కుట్లు, చెయ్యి తిరిగితే పావుగంట. ముడేసిన తోకని అలాగే కత్తిరించకండి, పెద్ద సూదితో కుట్ల లోపలికి ఒకసారి అటు, ఒకసారి ఇటు లాగాకే కత్తిరించండి, లేకపోతే సెమిస్టర్ అయ్యేలోపు ఊడొస్తుంది.