పళ్లెంలో అన్నం – దయా? హక్కా?



మనందరికీ తెలిసిన ఒక మాటతో ఈ పాఠం మొదలుపెడతాను. అది సుగ్గి. ఖరీఫ్ పనులు అయిపోగానే ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం వైపు పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు కొందరు, హైదరాబాద్, బెంగళూరులలో కట్టడం పనులకు కొందరు పోతారు. ఊళ్లో ముసలివాళ్లు మిగులుతారు. పిల్లలు తల్లిదండ్రుల వెంట పోయి బడి మానేస్తారు.

నేనూ ఐదో తరగతిలో అలాగే మానేశాను. మరుసటి ఏడాది ఒక సార్ దయవల్ల హాస్టల్లో సీటు దొరికింది. పంపేటప్పుడు మా అవ్వ ఒకటే చెప్పింది: "సర్కారు దయతో పెట్టే కూడు నాయనా, ఎదురు మాట్లాడొద్దు." చాలా ఏళ్లు ఆ మాటే నిజమనుకున్నాను. అది ఎందుకు తప్పో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హక్కు లేనినాడు ఏం జరిగింది?

1876–78 మధ్య మన ప్రాంతంలో మహా కరువు వచ్చింది. ధాత నామ సంవత్సరంలో మొదలైంది గనుక దాన్ని ధాత కరువు అన్నారు. అప్పట్లో ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిసింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఆ కరువుకు బాగా దెబ్బతిన్నాయి. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది.

ఆ రోజుల్లో కూడా దేశంలో ధాన్యం ఉంది. విదేశాలకు ఎగుమతి అవుతూనే ఉంది. కరువు పనులకు వచ్చిన కూలీలకు ఎంత ఇవ్వాలన్నది మాత్రం దొరల ఇష్టం. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి ఖర్చు తగ్గించాలని మగ కూలీకి రోజుకు ఒక పౌండు ధాన్యం, దానిపైన కొద్దిపాటి డబ్బు చాలన్నాడు. పౌండు అంటే సుమారు 450 గ్రాములు. ఎండలో కంకర కొట్టే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. చివరికి కూలి పెంచక తప్పలేదు, కానీ అప్పటికే ఎందరో చనిపోయారు.

అమర్త్య సేన్ 1981లో కరువులపై రాసిన గ్రంథంలో ఈ సంగతే వివరించారు. మనుషులు ఆకలితో చచ్చేది తిండి లేనందువల్ల మాత్రమే కాదు, ఉన్న తిండిని పొందే అధికారం తమకు లేనందువల్ల కూడా. ఆ అధికారానికి పేరే హక్కు.

హక్కు ఎలా వచ్చింది?

1948 డిసెంబరు 10న ఐక్యరాజ్య సమితి ప్రకటించిన విశ్వమానవ హక్కుల ప్రకటనలో 25వ అధికరణం ఆహారాన్ని మనిషి హక్కుల్లో చేర్చింది. 1966 నాటి అంతర్జాతీయ ఒడంబడికలో 11వ అధికరణం దాన్ని మరింత స్పష్టం చేసింది. భారతదేశం 1979లో ఆ ఒడంబడికలో చేరింది. దీని ప్రకారం ప్రభుత్వానికి మూడు బాధ్యతలు ఉన్నాయి. ఒకటి, ప్రజల తిండిని తాను లాక్కోకూడదు. రెండు, ఇతరులు లాక్కోకుండా కాపాడాలి. మూడు, సొంతంగా సంపాదించుకోలేని వారికి అందించాలి.

మన రాష్ట్రంలో 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం తెచ్చింది. అది పేదలకు ఎంతో మేలు చేసింది. అయితే పథకం వేరు, హక్కు వేరు. పథకాన్ని ప్రభుత్వం ఎప్పుడైనా మార్చవచ్చు. ఆ బియ్యం ధర కూడా తర్వాత పెరిగింది.

2001లో రాజస్థాన్‌లో కరువు వచ్చింది. గోదాముల్లో ధాన్యం నిల్వలు ఉన్నా జనం పస్తులున్నారు. పౌరహక్కుల ప్రజాసంఘం పి.యు.సి.ఎల్. సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2001 నవంబరు 28న కోర్టు ఆహార పథకాలను ప్రజల చట్టబద్ధ హక్కులుగా పరిగణిస్తూ ఆదేశాలిచ్చింది. ప్రాథమిక బడుల్లో కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రొటీన్లు గల వండిన భోజనం ఏడాదికి కనీసం 200 రోజులు పెట్టాలని చెప్పింది. 2004లో వంటవారి నియామకాల్లో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆదేశించింది. మనం మధ్యాహ్నం బడిలో తినే అన్నం వెనుక ఈ కేసు ఉంది.

2008: ప్రపంచ సంక్షోభం, మా హాస్టల్ పప్పు

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ప్రపంచమంతటా ఆహార సంక్షోభం వచ్చింది. చమురు ధరలు పెరిగాయి. అమెరికాలో మొక్కజొన్నతో ఇంధనం తయారీ ఎక్కువైంది. కొన్ని దేశాలు ఎగుమతులు ఆపాయి. మన దేశం కూడా బాస్మతి కాని బియ్యం ఎగుమతిని నిషేధించింది. 2008 జనవరిలో టన్ను 400 డాలర్ల లోపు ఉన్న థాయ్‌లాండ్ బియ్యం మే నాటికి వెయ్యి డాలర్ల దరిదాపులకు పోయింది. హైతీ దేశంలో ఆకలి అల్లర్లు జరిగి ప్రధానమంత్రి పదవి పోయింది.

ఆ ఏడాది మా హాస్టల్లో అన్నం తగ్గలేదు. పప్పు మాత్రం నీళ్లయింది. కారణం నాకు చాలా కాలానికి అర్థమైంది. హాస్టల్‌కు బియ్యం కిలోల లెక్కన వస్తాయి. ఎస్సీ, ఎస్టీ, బీసీ హాస్టళ్లకు విద్యార్థికి నెలకు 15 కిలోల చొప్పున తక్కువ ధరకు ధాన్యం ఇచ్చే కేంద్ర పథకం 1994లోనే మొదలైంది. పప్పు, నూనె, కూరగాయలు మాత్రం మెస్ చార్జీలతో కొనాలి. మెస్ చార్జీ రూపాయల్లో ఉంటుంది. ధర పెరిగినా అది వెంటనే పెరగదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ పాఠంలో మీరు గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఇదే. కిలోల్లో, గ్రాముల్లో కొలిచిన హక్కు ధరలు పెరిగినా నిలుస్తుంది. రూపాయల్లో కొలిచినది కరిగిపోతుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చినప్పుడు మళ్లీ ఇదే జరిగింది. పొద్దుతిరుగుడు నూనె మనకు ఎక్కువగా ఉక్రెయిన్, రష్యాల నుంచే వచ్చేది. అక్కడ ఓడ ఆగితే ఇక్కడ తాలింపు తగ్గింది. అందుకే మెస్ చార్జీలు ధరలతోపాటు పెరగాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టం హక్కును చాలావరకు కొలతల్లోనే చెప్పింది. మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోల ధాన్యం ఇవ్వాలి. 2023 జనవరి నుంచి ఇవి ఉచితం. బడి భోజనంలో ప్రాథమిక తరగతులకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్లు, ప్రాథమికోన్నత తరగతులకు 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్లు ఉండాలి.

హక్కు మనిషి వెంట నడవాలి

ఇక సుగ్గి సంగతి. అమ్మానాయన మిరప కోతలకు పోయిన ఒక ఏడాది అవ్వ కార్డు పట్టుకొని పోతే "ఇంట్లో మనుషులు లేరు కదా" అని తిప్పి పంపారు. అక్కడ అమ్మానాయన బయట ధరకు బియ్యం కొనుక్కున్నారు. ఇక్కడ అవ్వ ఇరుగుపొరుగు ఇచ్చిన జొన్నరొట్టెతో గడిపింది. కార్డు ఉంది, దుకాణంలో బియ్యం ఉన్నాయి, ఇద్దరికీ అందలేదు. ఎదురు మాట్లాడొద్దని నాకు చెప్పిన అవ్వ అక్కడా ఎదురు మాట్లాడలేదు.

ఇప్పుడు పరిస్థితి మారింది. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య కార్డు చెల్లుబాటు మొదలైంది. 2022 నాటికి 'ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు' దేశమంతటా అమలులోకి వచ్చింది. వలస పోయినవారు తమ వాటా అక్కడ తీసుకోవచ్చు, ఇంట్లో ఉన్నవారు మిగిలిన వాటా ఇక్కడ తీసుకోవచ్చు. మిరప కోసి వేళ్లు అరిగి వేలిముద్ర పడకపోయినా, ఆ కారణంతో రేషన్ నిరాకరించరాదని కేంద్రం 2017లో ఆదేశించింది. ఈ సంగతి తెలియక నష్టపోయేవారు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు.

మనం చేయవలసినవి

1. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు రేషన్ కార్డులో అందరి పేర్లు ఉన్నాయో లేదో చూడండి. సుగ్గికి పోయేవారికి కార్డు నంబరు రాసి ఇవ్వండి.
2. రేషన్ నిరాకరిస్తే 1967 నంబరుకు ఫోన్ చేయవచ్చని పెద్దలకు చెప్పండి. ప్రతి జిల్లాకు ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలని చట్టమే చెబుతోంది.
3. హాస్టల్ మెనూ బోర్డు రోజూ చదవండి. పళ్లెంలో ఉన్నదానితో పోల్చి చూడండి. తేడా ఉంటే నలుగురు కలిసి మర్యాదగా వార్డెన్ గారిని అడగండి.
4. అన్నం పారబోయకండి. హక్కు కదా అని వృథా చేస్తే అది మరొకరి వాటా.

ఐక్యరాజ్య సమితి సంస్థల అంచనా ప్రకారం 2024లో ప్రపంచంలో దాదాపు 67 కోట్ల మంది ఆకలితో ఉన్నారు. అందరికీ సరిపడా పంట పండుతున్నా ఈ స్థితి ఉంది. అవ్వ ఇప్పుడు లేదు. ఉంటే ఈ మాట చెప్పేవాణ్ణి: "అవ్వా, అది దయ కాదు, మన హక్కు. అడిగితే తప్పు లేదు." ఆమెకు చెప్పలేకపోయింది మీకు చెబుతున్నాను. మీరు మీ ఇంట్లో చెబుతారని ఆశిస్తున్నాను.

ఆలోచించండి:
– పథకానికి, హక్కుకు తేడా ఏమిటి?
– మీ హాస్టల్లో ఏ వస్తువులు కొలత ప్రకారం వస్తున్నాయి? ఏవి డబ్బు పెట్టి కొంటున్నారు?
– మీ ఊరి నుంచి సుగ్గికి పోయినవారిలో ఎందరు అక్కడ రేషన్ తీసుకుంటున్నారు?