లక్కమ్మ ప్రశ్న, గృహస్థుని లెక్క

బసవేశ్వరుల కాలమున, అనగా 12వ శతాబ్దమున, కల్యాణములో జీవించిన శరణ దంపతులలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ ప్రసిద్ధము. వారు రాయచూరు సీమలోని అమరేశ్వరము నుండి కల్యాణమునకు వచ్చిరని సంప్రదాయము. ‘ఆయ్దక్కి’ అనగా కన్నడమున ఏరిన బియ్యము. శరణుల ముంగిళ్లలో రాలిన గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలను వండి జంగములకు పెట్టి, మిగిలినదానిని ప్రసాదముగా స్వీకరించుట ఆ దంపతుల దాసోహము. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. ఇంటికి ధాన్యము పెరిగినందుకు ఇల్లాలు సంతోషించునని ఎవరైనను తలంతురు. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ ఎక్కువ ఎక్కడిది, మనకు ఇంత ఎందుకు అని అడిగెను. ఇది అవసరము కాదు, ఆశ అని చెప్పి, తెచ్చినచోటనే పోసి రమ్మనెను. మారయ్య మరల వెళ్లి, అధికమైన బియ్యమును అక్కడనే పోసి వచ్చెను.

ఈ కథను చెప్పునపుడు అందరును లక్కమ్మ వైరాగ్యమును కొనియాడుదురు. అది న్యాయమే. కాని మారయ్యకు రావలసిన కీర్తి చాలినంత రాలేదనవలెను. ఆయన చెప్పదగిన సమాధానములు లేకపోలేదు. ఇది దొంగిలించినది కాదు, నేల రాలినదే. తన పొట్టకొరకు కాదు, జంగముల కొరకే. రేపు జ్వరము వచ్చి మంచమెక్కినచో ఏరి తెచ్చువారెవరు? ఈ మూడును పైకి ధర్మముగా తోచునవే. అయినను అట్టి వాదమేదియు కథలో కానరాదు. అంతకు ముందొకసారి ఆయన శరణగోష్ఠిలో మైమరచి కూర్చుండగా, కాయకమునకు వేళ మించుచున్నదని జ్ఞాపకము చేసినదియు లక్కమ్మయే. అప్పుడును ఆయన లేచి పనికి పోయెను. తప్పు చెప్పిన మాటను విని, వెంటనే కాలు కదిపిన గృహస్థుడు మారయ్య. ఇంటి ధనము నిలుచుటకు గణితముకన్న ఈ గుణము ఎక్కువ ఉపయోగపడును.

సూర్యాపేట జిల్లాలోని అనంతగిరి వంటి ఊళ్లలో ఈ కథ చదువువారికి గింజ విలువను వేరుగా చెప్పనక్కరలేదు. (ఈ పేరు విని వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలని పొరబడువారు కలరు. ఆ కొండలలో పుట్టిన మూసీనది సూర్యాపేట సీమ మీదుగా వచ్చి, మిర్యాలగూడ దిక్కున వాడపల్లి వద్ద కృష్ణలో కలియుట ఒక వింత.) కోదాడ మండలమునుండి వేరుపడి 2016లో మండల కేంద్రమైన ఈ అనంతగిరి వరి పండించు సీమలోనిది. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన పిదప కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతముల సేద్యపు తీరు మారిపోయెను. మిర్యాలగూడ రైసుమిల్లులకు పేరు పొందెను. వానకాలమునకు తోడు యాసంగియు వచ్చెను. పంటలు రెండైనచోట పెట్టుబడులును రెండగును. పెట్టుబడులు రెండైనచోట అప్పు అడుగవలసిన దినములును రెండగును.

అప్పు తెచ్చువేళ మన ఊళ్లలో వడ్డీని ‘నూటికి రెండు రూపాయలు’, ‘మూడు రూపాయలు’ అని చెప్పుకొనుట వాడుక. ఈ మాట చెవికి చిన్నదిగా వినబడును. అది నెలకు లెక్క. నూటికి రెండన్నచో ఏడాదికి 24 శాతము, మూడన్నచో 36 శాతము. ఒక గృహస్థుడు నాట్లవేళ లక్ష రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఆరు నెలలకు తీర్చినాడనుకొందము. వడ్డీ 18,000 రూపాయలు. అదే లక్షను బ్యాంకు పంటరుణముగా 7 శాతమునకు తెచ్చినచో ఆరు నెలలకు 3,500. మూడు లక్షల లోపు పంటరుణమును గడువులో తీర్చినవారికి 3 శాతము రాయితీ కలదు కావున, 4 శాతము లెక్కన అది 2,000కే వచ్చును. పదహారు వేల భేదము! బ్యాంకు చుట్టు నాలుగు మారులు తిరుగుటకు విసిగి, ఒక్క సాయంకాలములో చేతికి వచ్చు సొమ్ము తెచ్చుకొన్నవాడు ఆ పదహారు వేలను తన విసుగునకు వెలగా చెల్లించుచున్నాడు.

వాయిదాల అప్పులలో మరియొక మెలిక గలదు. యాబది వేల రూపాయల వస్తువునకు ‘12 శాతమే’ అని చెప్పి, ‘ఫ్లాటు రేటు’ పేర రెండేండ్లకు 12,000 వడ్డీ కలిపి, నెలకు 2,583 చొప్పున 24 వాయిదాలు కట్టించుకొందురు. ప్రతి నెలయు అసలు తరుగుచున్నను వడ్డీ మాత్రము మొదటి యాబదివేల మీదనే లెక్కకట్టబడినది. తరుగు అసలు మీద లెక్క చూచినచో ఇది ఏడాదికి సుమారు 21.6 శాతమగును. 2024 అక్టోబరు 1 నుండి బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు ఇట్టి అప్పులకు అన్ని ఖర్చులను కలిపిన వార్షిక శాతమును చూపు ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అను కాగితమును సంతకమునకు ముందే ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు ఏర్పరచినది. ఆ కాగితమును అడిగి తీసికొని, ఇంటికి తెచ్చి, చదువు వచ్చిన కొడుకుచేతనో కూతురుచేతనో చదివించి, మరునాడు సంతకము చేయుటకు ఎవరును అడ్డు చెప్పరాదు. అడ్డు చెప్పినచోట అప్పు తేకుండుటయే మేలు.

అయితే ఇవన్నియు తెలిసినవారును మునుగుచున్నారు. ఏలనగా, అనేక గృహములలో అప్పు సంగతి ఇల్లాలికి తెలియునది అప్పులవాడు గుమ్మములో నిలిచిన దినముననే. భర్త దాచుట దుర్బుద్ధిచేత కాకపోవచ్చును. అడుగునేమో అను జంకుచేత. ఆ అడిగెడి మాటయే లక్కమ్మ ప్రశ్న. అది వినబడవలసినది నోటు మీద వ్రేలిముద్ర పడకముందు. పడిన తరువాత అదే మాట ఎత్తిపొడుపుగా మారును, ఎదుటివాని జవాబు అరుపుగా మారును. తెలుగునాట గడచిన ముప్పది ఏండ్లలో ఈ ప్రశ్నను ఇంటినుండి నలుగురి నడుమకు తెచ్చినవి స్త్రీల పొదుపు సంఘములు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు ఎదురు నిలిచిన స్త్రీల ఉద్యమము పెరిగిన పిమ్మట, ఆ జిల్లాలోనే ‘పొదుపులక్ష్మి’ పేర దినమునకొక రూపాయి దాచు ప్రయత్నము సాగెను. సంఘములు పాటింపవలసిన పంచసూత్రములలో సమావేశము, పొదుపు, అంతర అప్పు, సకాల చెల్లింపులతోపాటు పుస్తక నిర్వహణయు ఒకటి. సభ్యురాలు అప్పు అడిగినపుడు ఎందుకొరకు, ఎట్లు తీర్తువు అని తోటివారు మొగము మీదనే అడుగుదురు. 2010లో మైక్రోఫైనాన్సు సంస్థల అప్పులచేత కుటుంబములు నలిగి, ఆ అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చెను. గుంపుగా అప్పు ఇచ్చుట అక్కడను ఉన్నది. లేనిది ఎందుకొరకు అను ప్రశ్న. ఉన్నది వారము వారము వసూలు మాత్రమే.

ఇచ్చట ఒక వివేకము అవసరము. గృహస్థునికి వినవచ్చు విమర్శలన్నియు లక్కమ్మ మాటలు కావు. “ఒక్కగానొక్క పిల్ల పెండ్లి, నలుగురిలో నగుబాటు చేయుదువా?” అని బంధువులు అనుట కూడ విమర్శయే. పెట్టుపోతలు తగ్గినవని వియ్యాలవారు ముక్కు విరుచుటయు విమర్శయే. ఏది వినదగినది? లక్కమ్మ ఎక్కువైనదని తప్పు పట్టెను. వీరు తక్కువైనదని తప్పు పట్టుదురు. లక్కమ్మ లెక్క అడిగెను. వీరు వేడుక అడుగుదురు. అప్పు తీర్చునాడు లక్కమ్మ పక్కనే యుండును. పెండ్లి భోజనమును మెచ్చినవారు, మెచ్చనివారును తమ ఊళ్లకు పోయియుందురు. ఈ భేదమును చూచుకొని బంధువుల మాటను నవ్వుతో దాటవేయుట అవినయము కాదు.

ఇక అంగడి సంగతి. లింగాయతులలో వ్యాపారము కాయకముగా గల కుటుంబములు అనేకము. కొనువాడు “సేటూ, మీ కాంటా సరిగా చూపుచున్నదా?” అని అడిగినచో అనేకులకు ముక్కుమీదికి కోపము వచ్చును. తాతల నాటి అంగడి, లింగధారిని, నన్నే అనుమానింతువా అందురు. లింగధారణము కాంటాకు ముద్ర కాదు. ముద్ర వేయువారు తూనికలు, కొలతల శాఖవారు. ఎలక్ట్రానిక్ కాంటాకు ఏడాదికొకసారి, ఇనుప గుండ్లకు రెండేండ్లకొకసారి తనిఖీ జరుగవలెనని నియమము. అడిగినవానికి ఆ ధ్రువపత్రమును చూపి, అతని కన్నుల ఎదుట తెలిసిన గుండునుంచి మరల తూచినచో పని ముగిసినది. తప్పు తేలినచో తక్కువైనది ఇచ్చి, నిన్న మొన్న కొన్నవారికిని కబురు పంపవలెను. ఇది కష్టమే. కాని అడిగినవాడు ఒక్కడు, అడుగక మరియొక అంగడికి పోయినవారు పదిమంది. ఆ ఒక్కడు చేసిన ఉపకారమును వ్యాపారి గుర్తింపవలెను.

కొనువారికిని మర్యాద కలదు. బజారులో కేకలు వేయుటకు ముందు బిల్లు చూపి అడుగవలెను. వినకున్న కాగితము మీద వ్రాసి ఇయ్యవలెను. అప్పటికిని వినకున్న 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చును. వినియోగదారుల రక్షణకు 1986లో వచ్చిన చట్టమునకు బదులుగా 2019 నాటి చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము జిల్లా కమిషన్లో, చెల్లించిన వెల 5 లక్షల లోపైనచో రుసుము లేకయే, రెండేండ్ల లోపల ఫిర్యాదు చేయవచ్చును. వకీలును పెట్టుకొనక స్వయముగా చెప్పుకొనవచ్చును.

రైతు విషయమున మాత్రము అడుగుట ఇంత సులభము కాదు. ధాన్యము కాంటా మీదికి ఎక్కినపుడు తాలు, తేమ పేర ‘తరుగు’ తీయుదురు. నలుబది కిలోల బస్తాకు కిలో తరుగన్నచో పెద్దమాటగా తోచదు. నూరు క్వింటాళ్లకు బస్తాలు 250. తరుగు రెండున్నర క్వింటాళ్లు. 2025–26 సంవత్సరపు మద్దతు ధర సాధారణ రకమునకు 2,369 రూపాయలు. ఆ లెక్కన పోయినది 5,922 రూపాయలు. కల్లములో ధాన్యముండగా, మబ్బు పట్టియుండగా, లారీ కదలకుండగా రైతు నోరు తెరువలేడు. అట్టివేళ ఒంటరిగా అడుగుటకన్న పదిమంది కూడి, తేమ కొలిచిన అంకెను, తూచిన బరువును చీటీ మీద వ్రాయించుకొనుట ఉత్తమము. కాంటా వేయువాడు మన కులస్థుడైనను, మఠమునకు దాతయైనను ఈ చీటీ అడుగుటలో మొగమోటము పనికిరాదు.

మఠమన్నందున ఆ మాటయు చెప్పుకొనవలెను. బసవేశ్వరులు బిజ్జలుని కొలువులో భాండాగారమును చూచిన అధికారి. రాజు సొమ్మును జంగములకు దోచి పెట్టుచున్నాడని గిట్టనివారు బిజ్జలునికి కొండెములు చెప్పిరి. భాండాగారమును లెక్కింపగా ద్రవ్యము తరుగలేదని తెలుగున పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. పురాణము దీనిని మహిమగా చెప్పును. భక్తులకు అది మహిమయే. మఠాధికారులకు మాత్రము ఇందు మరియొక విషయము కానవచ్చును: కొండెములు చెప్పినవారి మనస్సు శుద్ధమైనది కాదు, అయినను లెక్క చూపబడెను. అడిగినవాని ఉద్దేశము చెడ్డదని చెప్పి లెక్కను మూసిపెట్టుటకు ఇచ్చట ఆధారము దొరకదు. దాసోహమునకు వచ్చిన బియ్యము ఎన్ని బస్తాలు, ఖర్చయినవి ఎన్ని, కానుకలు ఎంత, మరమ్మతులకు ఎంత అని ఏటేట ఒక కాగితము మఠము గోడకు అంటించినచో గుసగుసలకు తావుండదు. లెక్క అడిగిన భక్తుని గురుద్రోహియని పంక్తినుండి లేపుట బసవేశ్వరుల నడవడికి విరుద్ధము.

ఇందుకు మంచి దినము బసవ జయంతి. వైశాఖ శుద్ధ తదియనాడు వచ్చు ఈ పర్వమే అక్షయ తృతీయ కూడ. ఆనాడు బంగారము కొన్న అక్షయమగునని ప్రకటనలు మ్రోగును. అప్పు చేసియైనను గురువింజెత్తు కొనవలెనని ఇండ్లలో ఆరాటము పుట్టును. ఏరిన గింజలలోను ఎక్కువను తిరిగి పోయించిన లక్కమ్మను గౌరవించు సమయాచారమున, బసవేశ్వరుల పుట్టినరోజున, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి బంగారము కొనుట ఎంత విడ్డూరము! సొంత సొమ్ముండి, పిల్ల పెండ్లికో మరి దేనికో నిజముగా అవసరమై కొనువారు ముందు ఆలుమగలు కూర్చుండి ఎంతకు మించరాదో ఒక అంకె వ్రాసికొనవలెను. నగ మీద హాల్‌మార్కు గుర్తు, 22 క్యారెట్లకు 916 అను అంకె, ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య ఉన్నవో లేవో భూతద్దముతో చూపుమని అడుగవలెను. ఆ సంఖ్యను ‘బి.ఐ.ఎస్. కేర్’ అను ఫోను యాప్‌లో సరిచూచుకొనవచ్చును. ధాన్యము అమ్మునపుడు తరుగు ఇచ్చిన రైతు, నగ కొనునపుడు మరల ‘తరుగు’ ఇచ్చును. కావున బంగారపు బరువు, రాళ్ల బరువు, తరుగు, మజూరీ, పన్ను వేరువేరుగా వ్రాసిన బిల్లు తీసికొనవలెను. ఆ బిల్లును నగల పెట్టెలో పడవేయక ఇంటి లెక్కల పుస్తకమునకు కుట్టి ఉంచినచో, రెండేండ్ల లోపల కావలసిననాడు ఇంటిలో ఎవరైనను తీసి చూపగలరు.