ఎండకు కాగిన మందు డబ్బా - అందులో పుట్టు విషము

బుక్కరాయసముద్రము ప్రాంతపు మెట్ట సేద్యము వానపై ఆధారపడినది. వాన తప్పిన యేట పైరు ఎండిపోవును గాని, దానికై కొన్న పురుగు మందు ఇంటనే మిగిలిపోవును. ఆ డబ్బాను వేసవి అంతయు రేకుల కొట్టములో ఉంచి, మరుసటి యేడు వాడుదమని అనుకొనుట సహజము. పాత మందుకు పదును తగ్గుటయే గాని వేరు నష్టము లేదని పలువురి అభిప్రాయము. ఇది సరికాదు. కొన్ని మందులు చెడినపుడు పురుగు మీద బలము తగ్గి, మనిషికి మరింత విషమగును. మలాథియాన్ ఇందుకు మంచి ఉదాహరణ.

మందు ఎట్లు మారును?

మన శరీరములో, ముఖ్యముగా కాలేయములో, మలాథియానును విరిచివేయు ఎంజైము కలదు. అందువలననే ఇది తోటి మందులకంటె మనిషికి తక్కువ విషము. అయినను కొంత భాగము శరీరములో మలాక్సాన్‌గా మారును. నరములను దెబ్బతీయునది ఇదియే. డబ్బా వేడిలో నిల్వయున్నపుడు ఐసోమలాథియాన్ అను మరియొక పదార్థము పుట్టును. ఇది మనలను కాపాడు ఎంజైమునే అడ్డగించును. కావలివానిని కట్టివేసి దొంగను లోనికి వదలినట్లగును.

1976లో పాకిస్తాన్‌లో మలేరియా దోమల నివారణకు ఈ మందు చల్లిన సుమారు 7,500 మంది పనివారిలో దాదాపు 2,800 మందికి విషము సోకెను, ఐదుగురు మరణించిరి. ఐసోమలాథియాన్ ఎక్కువగా చేరిన మందే ఇందుకు ముఖ్య కారణమని తేలినది.

జీవకణములలో జరుగు నష్టము

నిల్వ నూనె గాలి తగిలి కారువాసన పట్టును. అది ఆక్సీకరణ. జీవకణములోను ఇట్టి మార్పు హద్దు మీరినచో దానిని ఆక్సీకరణ ఒత్తిడి అందురు. పోలండు శాస్త్రజ్ఞులు మనిషి రక్తములోని తెల్లకణములను వేరుచేసి, గాజుపాత్రలలో పరీక్షించి, ఫలితములు ప్రకటించిరి. శుద్ధమైన మలాథియాన్ వలన కణములలోని డి.ఎన్.ఏ.కు చెప్పదగిన నష్టము కనిపించలేదు. మలాక్సాన్, ఐసోమలాథియాన్ వలన కనిపించెను. మలాక్సాన్ వలని నష్టములో కొంత ఆక్సీకరణమే. విటమిన్ ఇ కలిపినపుడు ఆ నష్టము తగ్గెను. అంతమాత్రమున విటమిన్ ఇ విషమునకు విరుగుడని తలపరాదు. పాత్రలోని కణము వేరు, మనిషి దేహము వేరు.

రైతులు పాటింపవలసినవి

1. ఒక తడవకు సరిపడు మందునే కొనవలెను.
2. గడువు తేదీ చూడవలెను. గడువు దాటిన మందు వాడరాదు.
3. డబ్బాను ఎండకు, రేకుల వేడికి దూరముగా, తాళము వేసిన చల్లని గదిలో ఉంచవలెను.
4. నీటిలో కలిపిన మందును నిల్వ చేయరాదు.
5. మిగిలిన మందును చెరువులో గాని బావిలో గాని పోయరాదు, కాల్చరాదు. ఏమి చేయవలెనో రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రములో అడుగవలెను.

మందు చల్లినవారికి చొంగ, చెమట, వాంతులు, కండరముల అదురు, ఆయాసము కలిగినచో వెంటనే బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లు కడిగి, ఆసుపత్రికి చేర్చవలెను. మందు పేరున్న చీటీని వైద్యునికి తప్పక చూపవలెను.